ఢిల్లీయా, ముంబైయా? – నాలుగు రోజుల సెలవులో ఒక ఫౌజీ లెక్క

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాటకారిని కాను. చదివింది ఇంటర్మీడియెట్. ఇరవై ఎనిమిదేళ్లు తోపుల దగ్గర గడిపినవాణ్ణి, కాబట్టి చెవి కాస్త మందం, గొంతు కాస్త పెద్దది. మైకు లేకపోయినా వెనక వరస వాళ్లకి వినపడుతుందనే ధైర్యంతో నిలబడ్డాను. మన సెక్రటరీ గారు ఫోన్ చేసి, "సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి. అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసిన పనికొచ్చే విషయాలు రెండే. ఒకటి తోపు శుభ్రం చెయ్యడం, రెండోది చుట్టీకి రైలు టికెట్ సంపాదించడం. మొదటిది ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. అందుకని రెండోదాని మీదే మాట్లాడతాను.

విషయం చిన్నదే. చేతిలో నాలుగైదు రోజులు, కొద్దిపాటి డబ్బు ఉన్నాయి. ఇంటావిడ ఒక పెద్ద ఊరు చూపించమంది. ఢిల్లీ వెళ్లాలా, ముంబై వెళ్లాలా? మన నాగపూర్ దేశానికి నడిబొడ్డున ఉంది. రైల్లో ముంబై 840 కిలోమీటర్ల లోపే, ఢిల్లీ 1,090 కిలోమీటర్ల దాకా. రెండూ ఒక రాత్రి ప్రయాణమే. అందుకే మన కామ్టీ, నాగపూర్ ఇళ్లల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. దానివల్ల మీకేమైనా మేలు జరిగితే సంతోషం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 1987లో భర్తీ అయి 2015లో సుబేదారుగా రిటైరయ్యే లోపల నేను ఢిల్లీ మీదుగా కనీసం ముప్పై సార్లు వెళ్లి ఉంటాను. మరి ఢిల్లీ చూశానా అంటే లేదు. నాకు తెలిసిన ఢిల్లీ అంతా స్టేషనూ, ఎంసీవో ఆఫీసు ముందు క్యూ, ట్రాన్సిట్ క్యాంపులో బారకు, నల్ల ట్రంకు పెట్టె మీద తలపెట్టుకుని పడుకున్న ప్లాట్‌ఫారం, అంతే. ముంబై కూడా అలాగే. దేవలాలీలో కోర్సుకి వెళ్లినప్పుడు ఒక ఆదివారం పరుగు పరుగున వెళ్లి గేట్‌వే ముందు ఫోటో దిగి వచ్చేశాను. నవ్వుతున్నారంటే మీదీ ఇదే కథన్నమాట. దేశమంతా తిరిగాం అని మనం ఊళ్లో గొప్పగా చెబుతాం. నిజానికి దేశంలోని రైల్వే స్టేషన్లన్నీ తిరిగాం.

మనం అదైనా చూశాం, మన ఆడవాళ్లు అదీ చూడలేదు. మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆవిడ పెళ్లయిన పదేళ్ల దాకా మా అమ్మానాన్నలతో ఊళ్లోనే ఉంది. తరవాత ఫ్యామిలీ క్వార్టర్ దొరికిన చోట రెండేళ్లు, దొరకని చోట పిల్లల చదువుల కోసం అద్దె ఇల్లు. చివరికి కామ్టీలో స్థిరపడ్డాం. ఇక్కడ మద్రాసు సైన్యం కాలం నుంచి తెలుగు కుటుంబాలున్నాయి, మాట కలిసింది. 2022 చివర్లో అమ్మాయి పెళ్లి చేశాక ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ, "ఏటండీ, ఇన్నేళ్లూ మీ ఉత్తరాల మీద ఊళ్ల పేర్లు చదవడమే గానీ, ఒక్క పెద్దూరైనా సూపించేరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నేనిప్పుడు ఒక సంస్థలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నాను. నాలుగు రోజుల సెలవు, దాన్ని ఆదివారంతో కలిపితే ఐదు. అంతకు మించి ఇవ్వరు. సరే, 2023 ఫిబ్రవరిలో వెళ్దాం అనుకుని, మన అలవాటు ప్రకారం కాగితం తీసి 'అప్రీసియేషన్' రాశాను. కోర్సుల్లో మనకి నేర్పిందే కదా. ముందు ఎయిమ్, తరవాత ఫ్యాక్టర్లు, తరవాత మన ముందున్న దారులు, ఆఖర్న ప్లాన్. కాగితం మధ్యలో గీత గీసి ఎడమ పక్క ముంబై, కుడి పక్క ఢిల్లీ రాశాను. అందులో ఏం రాశానో చెబుతాను, మీకూ పనికొస్తుంది.

మొదటిది ప్రయాణం. ముంబైకి దురంతో ఉంది, విదర్భ ఉంది. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్నే దిగుతాం, పగలు వృథా కాదు. ఢిల్లీకి దక్షిణం నుంచి వచ్చే బళ్లే దిక్కు. తెలంగాణ, జీటీ, తమిళనాడు, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ మన స్టేషన్ మీదుగానే వెళ్తాయి, కానీ మనదాకా వచ్చేసరికి బెర్తులు నిండి ఉంటాయి. ముంబైకి ఒక మార్కు.

రెండోది వాతావరణం. ముంబైలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షం. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసి ఊరంతా మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలలు తప్పించి ఎప్పుడు వెళ్లినా ఫరవాలేదు. ఢిల్లీకి అలా కాదు. మే, జూన్‌లలో వడగాలి. దీపావళి తరవాత పొగ. డిసెంబరు, జనవరిల్లో మంచు పడి రైళ్లు ఐదారు గంటలు ఆలస్యం. జనవరిలో పరేడ్ రిహార్సల్స్ వల్ల ఇండియా గేట్ పరిసరాలు చాలా రోజులు కట్టడిలో ఉంటాయి. మంచి రోజులంటే ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా, మళ్లీ అక్టోబరులో కొద్ది రోజులు. మాకు సెలవు ఫిబ్రవరి కాబట్టి ఇక్కడ రెండూ సమానం.

మూడోది చూసే చోట్లు. ముంబైలో గేట్‌వే, దాని ముందు సముద్రం. 1911లో ఇంగ్లండు రాజు వచ్చినందుకు గుర్తుగా కట్టడం మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1924. ఆ దర్వాజా గుండానే 1948 ఫిబ్రవరి 28న ఆఖరి బ్రిటిషు పటాలం, సోమర్‌సెట్ లైట్ ఇన్‌ఫాంట్రీ మొదటి బెటాలియన్, కవాతు చేస్తూ ఓడ ఎక్కి వెళ్లిపోయింది. రాజు రాకకి కట్టిన గుమ్మం ఆయన సైన్యం పోవడానికి పనికొచ్చింది. ఫౌజీ అన్నవాడు ఒక్కసారి అక్కడ నిలబడి తీరాలి. పక్కనే తాజ్ హోటలు. 2008 నవంబరులో మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ప్రాణం ఇచ్చింది అక్కడే. గిర్‌గావ్ చౌపాటీ దగ్గర తుకారాం ఓంబ్లే స్మారకం ఉంది. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేకుండా ఉగ్రవాది తుపాకీని పట్టుకుని వదలని ఆ పోలీసాయన, ముందు మన ఆర్మీలో పనిచేసి వచ్చినవాడే. ఇంకా ఎలిఫెంటా గుహలు, మహాలక్ష్మి, సిద్ధివినాయక్ గుళ్లు. మన తెలుగువాళ్ల ఆనవాళ్లూ తక్కువేం కాదు. తెలంగాణ నుంచి వలస వెళ్లి ఆ ఊరి ఇళ్లూ రోడ్లూ కట్టిన కామాఠీల పేరు మీదే కామాఠీపుర ఉంది. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది.

ఢిల్లీ వరసలో ఎర్రకోట, కుతుబ్ మీనార్, రాజ్‌ఘాట్, ఇండియా గేట్ అని నాలుగు మాటలు రాసి వదిలేశాను.

నాలుగోది బస, ఖర్చు. ముంబైలో లాడ్జి ధర ఎక్కువ. కానీ మా ఆవిడ పెదనాన్న కొడుకు కల్యాణ్‌లో ఉన్నాడు, వాళ్లింట్లో దిగొచ్చు అని రాశాను. ఐదోది ఆరోగ్యం. నా మోకాళ్లు ఎత్తు ప్రదేశాల్లో అరిగిపోయాయి. ఆవిడకి బీపీ. ఢిల్లీలో నడక ఎక్కువ, ముంబైలో తక్కువ అని రాశాను.

అన్నీ కూడితే ముంబై గెలిచింది. కాగితం ఇంటావిడ చేతికిచ్చి, సీవో గారికి బ్రీఫింగ్ ఇచ్చినట్టు నిలబడ్డాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. ఫౌజీ భార్య కదా, ఇన్నేళ్లలో ఈ అప్రీసియేషన్ గోల వినీ వినీ ఆవిడకీ వచ్చేసింది. చదివి, "ఇన్ని రాసేరు గానీ, పైన ఎయిమ్ అని రాసి పక్కన ఖాళీ ఒదిలేసేరేటండీ? ఎందుకు ఎల్తన్నామో అది రాయలేదేటి?" అంది.

చూస్తే నిజమే. ఖాళీగానే ఉంది.

తరవాత ఆవిడ ఇంకో మాట అంది. "ఢిల్లీలో ఆ గోడ మీద మీ తమ్ముడి పేరుందని మీరే సెప్పేరు. నాలుగేళ్లయింది. ఢిల్లీ పేరెత్తితే మాట మార్చేస్తన్నారు. కల్యాణ్‌లో మా అన్న ఇంట్లో దిగుదామని ముప్పై ఏళ్లలో మీరు ఒక్కసారైనా అన్నారా?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1999లో నేను హవల్దారుని, ద్రాస్ దగ్గర ఒక బోఫోర్స్ తోపుకి డిటాచ్‌మెంట్ కమాండర్‌ని. నా డిటాచ్‌మెంట్‌లో మా పక్క మండలం కుర్రాడు ఒకడు ఉండేవాడు. నన్ను "అన్నా" అనేవాడు. పెళ్లయి ఏడాదిన్నర, ఇంటి దగ్గర నెలల పిల్లాడు. మే నెల మొదట్లో వాడికి చుట్టీ వంతు వచ్చింది. అదే సమయానికి ఇంకొక జవాన్ తండ్రికి జబ్బు అని కబురొచ్చింది. ఇద్దరిలో ఒకరికే వీలు. నన్ను అడిగితే నేను, "తండ్రికి బాగాలేనివాణ్ణి ముందు పంపుదాం. నువ్వు వచ్చే నెల వెళ్దువుగాని" అన్నాను. వాడు సరే అన్నా అన్నాడు. తరవాత పదిహేను రోజుల్లో పై నుంచి చుట్టీలన్నీ బంద్ అయ్యాయి. జూన్‌లో మా గన్ పొజిషన్ మీద పడిన షెల్లింగ్‌లో వాడు పోయాడు.

నేను తప్పు చేశానని ఎవరూ అనలేదు. రూలు ప్రకారం, న్యాయం ప్రకారం నేను చేసింది సరైనదే. కానీ సరైన పని చేసినా గుండెలో ముల్లు ఉండిపోవచ్చు. వాడి భార్యకి ఏటేటా సంక్రాంతికి ఫోన్ చేసేవాణ్ణి, పెన్షన్ కాగితాలు పనిబడితే చూసిపెట్టేవాణ్ణి. ఈ చుట్టీ సంగతి మాత్రం ఒక్కసారీ నోరు దాటలేదు. 2019 ఫిబ్రవరి 25న నేషనల్ వార్ మెమోరియల్ ప్రారంభించినప్పుడు, స్వాతంత్ర్యం తరవాత పోయిన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు అక్కడ చెక్కారని పేపర్లో చదివాను. వాడి పేరూ ఉంటుందని తెలుసు. అదే నేను ఢిల్లీ వెళ్లకపోవడానికి కారణం. వాతావరణమూ కాదు, మోకాళ్లూ కాదు. కాగితం మీద నిజాయితీగా ఫ్యాక్టర్లు రాశానని అనుకున్నాను గానీ, జవాబు ముందే పెట్టుకుని దానికి తగ్గ మార్కులు వేశాను.

మా ఆవిడ అక్కడితో ఆగలేదు. "మనిద్దరం ఎల్లి సూస్తే ఏటుంది? సూడవలసిన మనిషి ఊళ్లో ఉంది. దాన్నీ తీసుకెల్దాం" అంది.

అప్పుడు కొత్త కాగితం తీశాం. ఎయిమ్: చెల్లెమ్మకి ఆ పేరు చూపించడం. మిగతా ఊరు వీలైనంత. ఒక్క వాక్యం రాసేసరికి కింద ఉన్న లెక్కలన్నీ మారిపోయాయి. చెల్లెమ్మ వస్తుంది కాబట్టి బెర్తులు దొరకవన్న బాధ పోయింది, ఎందుకంటే రెండు నెలల ముందే మూడు టికెట్లు చేయించాం. ఆమె విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాయపూర్ మీదుగా మన నాగపూర్ వచ్చి, రెండు రోజులు మా ఇంట్లో ఉండి మాతో బయలుదేరేటట్టు చేశాం. కొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి సెలవు దొరకలేదు, వచ్చి రైలెక్కించి వెళ్లాడు. బస సంగతి చూస్తే, ఢిల్లీ కంటోన్మెంట్ వైపు మాజీ సైనికులకి విశ్రాంతి గృహాలున్నాయి, ముందుగా రాసుకుంటే తక్కువ ఖర్చులో గది ఇస్తారు. మాజీ సైనికుల గుర్తింపు కార్డు, పీపీవో నకలు, చెల్లెమ్మ పెన్షన్ కాగితాలు పెట్టుకున్నాం. ఈసీహెచ్ఎస్ కార్డులు కూడా. మన వయసులో అవి లేకుండా ఊరు దాటకూడదు.

నడక ఎక్కువ అన్నానే, అదీ పూర్తిగా నిజం కాదు. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు ఊరంతా అల్లుకుంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మోకాళ్లున్నవాడు మెట్లు ఎక్కక్కర్లేదు. మా ఆడవాళ్లిద్దరూ మొదటిసారి కదిలే మెట్ల ముందు చెయ్యీ చెయ్యీ పట్టుకుని "నువ్వెక్కు, నువ్వెక్కు" అంటూ ఐదు నిమిషాలు నిలబడ్డారు. వెనక ఒక కాలేజీ అమ్మాయి వచ్చి ఇద్దరినీ చెయ్యి పట్టి ఎక్కించింది. సాయంత్రానికి వాళ్లే నాకు దారి చూపించారు.

ఒక నియమం పెట్టుకున్నాం. రోజుకి ఒక్క పెద్ద చోటే. మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు పొద్దున్నే సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్లో దిగి, ఆటో తీసుకుని మెమోరియల్‌కి వెళ్లాం. లోపలికి టికెట్ లేదు. నలభై ఎకరాల స్థలం, ఇండియా గేట్‌కి తూర్పున. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వలయాలు ఉంటాయి. నడుమ అమర్ చక్ర, అందులో స్తంభం, ఆరని జ్యోతి. ఇండియా గేట్ కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న తెచ్చి ఇందులోనే కలిపారు. దాని తరవాత వీరతా చక్ర, అక్కడ మన యుద్ధాల కంచు చిత్రాలు ఆరు ఉన్నాయి. లోంగేవాలా ఉంది, రెజాంగ్ లా ఉంది, తిథ్‌వాల్ ఉంది, నేవీ అన్నలకి ఆపరేషన్ ట్రైడెంట్ ఉంది. దాని చుట్టూ త్యాగ చక్ర. గ్రానైటు పలకల గోడలు, పలక పలకకీ ఒక సైనికుడి పేరు, బంగారు అక్షరాల్లో. అన్నిటికీ బయట రక్షక్ చక్ర, కాపలా నిలబడ్డట్టు చెట్ల వరసలు. ఒక పక్కన పరమవీర చక్ర పొందిన 21 మంది విగ్రహాలు ఉన్నాయి.

పాతిక వేల పేర్లలో ఒక పేరు వెతకడం ఎలా అని భయపడ్డాను. అక్కడ డ్యూటీలో ఉన్న జవాన్‌కి నంబరు, రెజిమెంటు, సంవత్సరం చెప్పాను. కుర్రాడు, మా అబ్బాయి వయసు ఉంటుంది. "ఆయియే సాబ్" అని దగ్గరుండి తీసుకెళ్లి గోడ చూపించి, సెల్యూట్ చేసి పక్కకి తప్పుకున్నాడు.

చెల్లెమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. "ఏదన్నయ్యా?" అంది. చూపించాను. కొంగుతో పలక తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. మా ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను అటెన్షన్‌లో నిలబడ్డాను, ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

కొంతసేపటికి బయట చెట్ల కింద కూర్చున్నాం. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనిపించి చెప్పేశాను. "చెల్లెమ్మా, ఆ మే నెలలో వాడికి రావలసిన చుట్టీ నేనే ఆపాను" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి, "తెలుసన్నయ్యా. ఉత్తరంలో రాసేరు కదా. ఆ అబ్బాయి నాన్నకి బాగోలేదంట, ముందు ఆణ్ణి పంపేం, నేను వచ్చే నెల వస్తాను అని రాసేరు. ఆ ఉత్తరం ఉంది నా దగ్గర" అంది. పంపేం అని రాశాడట, అన్న పంపాడు అని కాదు. ఇరవై నాలుగేళ్లు నేను దాచాననుకున్న సంగతి ఆమె పెట్టెలోనే ఉంది. తరవాత ఆమె, "ఎండెక్కుతోంది, వదినకి బీపీ కదా, నీళ్లెక్కడ దొరుకుతాయో సూడన్నయ్యా" అంది. నేను లేచి నీళ్ల కోసం వెళ్లాను. ఆ రోజు మోకాళ్లు నొప్పి పెట్టలేదని చెప్పను, పెట్టాయి. కానీ నడవగలిగాను.

మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్ర భవన్‌కి వెళ్లి భోజనం చేశాం. ముద్దపప్పు, గోంగూర చూసి చెల్లెమ్మ మొదటిసారి నవ్వింది. "ఇంత దూరం వచ్చి మనింటి కూరే తింటన్నాం" అంది. సాయంత్రం ఇండియా గేట్. దాని రాళ్ల మీద మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవారి పేర్లు పదమూడు వేలకు పైగా ఉన్నాయి. అది 1931లో తయారయింది, ఇది 2019లో. రెండిటి నడుమ నాలుగడుగుల దూరం, తొంభై ఏళ్ల కాలం.

మూడో రోజు ఎర్రకోట. సోమవారం మూసి ఉంటుంది, అది చూసుకుని వెళ్లండి. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద విచారణ జరిపింది అక్కడే, నేతాజీ మ్యూజియం కూడా ఉంది. నాలుగో రోజు పొద్దున కుతుబ్, రాత్రి రైలు. రాజ్‌ఘాట్ వదిలేశాం, చాందినీ చౌక్ వదిలేశాం. వదిలేసినందుకు ఎవరూ బాధపడలేదు.

ఇక ముంబై సంగతి. ముంబై గురించి చెడ్డగా చెప్పానని అనుకోవద్దు. 2024 డిసెంబరులో వెళ్లాం, ఇద్దరమే. అప్పుడు ఎయిమ్ కాగితం మీద మా ఆవిడ చేత్తోనే రాసింది: సముద్రం మీద పడవ ఎక్కడం. గేట్‌వే దగ్గర పడవ ఎక్కి ఎలిఫెంటా వెళ్లాం, గంట ప్రయాణం. అక్కడ నూట ఇరవై మెట్లు. మోకాళ్లు ఒప్పుకోకపోతే డోలీ ఉంది. నేను మొహమాటపడి ఎక్కలేదు, తరవాత రెండు రోజులు మంచం మీద ఉన్నాను. మీరు మొహమాటపడకండి. ఎలిఫెంటా కూడా సోమవారం మూసివేస్తారు.

చుట్టాలింట్లో దిగొద్దని అనను గానీ, ఒక లెక్క చూసుకోండి. ముంబై పొడుగాటి ఊరు. కల్యాణ్ నుంచి గేట్‌వే దాకా యాభై కిలోమీటర్లకు పైనే. లోకల్ రైల్లో పొద్దున పూట వెళ్లడమంటే మన జనరల్ బోగీ ప్రయాణాలన్నీ దాని ముందు దిగదుడుపే. మూడు రోజుల ప్రయాణంలో ఒక రోజంతా రైల్లోనే పోతుంది. రెండు రోజులు స్టేషన్ దగ్గర లాడ్జిలో ఉండి, ఒక రోజు బావమరిది ఇంటికి వెళ్లి భోంచేసి వచ్చాం. అందరికీ గౌరవం దక్కింది.

కాబట్టి సోదరులారా, ఢిల్లీ గొప్పదా, ముంబై గొప్పదా అని నన్ను అడగొద్దు. చరిత్ర, కోటలు, మన వాళ్ల పేర్లు చూడాలంటే, చేతిలో ఫిబ్రవరి, మార్చి ఉంటే ఢిల్లీ. సముద్రం కావాలంటే, చలికాలం కాస్త వెచ్చగా గడపాలంటే, ఒక రాత్రిలో చేరిపోవాలంటే ముంబై. ఇదంతా కాగితం మీద రాసుకోగలిగిన సంగతే. రాసే ముందు పైన ఉన్న ఖాళీ నింపండి. ఎందుకు వెళ్తున్నాం, ఎవరి కోసం వెళ్తున్నాం అన్నది మీ ఇంటావిడని అడిగి నింపండి. యుద్ధ సూత్రాల్లో మొదటిది ఎయిమ్‌ని ఎంచుకోవడం, దాన్ని పట్టుకుని ఉండడం అని మనకి నేర్పారు. ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ పాఠం జవాన్లకి చెప్పాను. అది నాకు అర్థమైంది మాత్రం రిటైరయ్యాక, మా వంటింట్లో.

ఒక విన్నపం చేసి ముగిస్తాను. మన సంఘంలో, మన ఊళ్లలో, ఆ గోడ మీద పేరున్నవాళ్ల కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది ఆ పేరు కళ్లారా చూశారు? వృద్ధులైన తల్లిదండ్రులకి ఢిల్లీ వెళ్లడం ఎలాగో తెలియదు, తోడు ఉండరు, భాష రాదు. రైళ్లూ, ట్రాన్సిట్ క్యాంపులూ, కాగితాలూ అన్నీ మనకి తెలుసు. వచ్చే ఫిబ్రవరిలో మనలో ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్తే బాగుంటుందని నా కోరిక. టికెట్లు తియ్యడం, బస కుదర్చడం నేను చూసుకుంటాను. సభ అయ్యాక టీ దగ్గర ఉంటాను, పేర్లు ఇవ్వండి.

 

జైహింద్.